ముందు పాడయ్యేది అయస్కాంతం కాదు, జిగురు: సీమ ఇళ్లలో పాత క్యాసెట్ల నిల్వ

క్లుప్తంగా: క్యాసెట్‌లో ధ్వనిని పట్టి ఉంచే అయస్కాంత పొడి దశాబ్దాల తరబడి చెక్కుచెదరదు. ఆ పొడిని రీలుకు అంటించి ఉంచిన జిగురు, రీలును నడిపే చిన్న చిన్న భాగాలు, వాటిని ఆడించే యంత్రం మాత్రం అంతకాలం నిలవవు. కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల పొడి గాలి జిగురుకు మేలు చేసేదే. అయితే వేసవి వేడి, ఎయిర్ కూలర్ తేమ, దుమ్ము కలిసి ఆ మేలును చాలావరకు తినేస్తాయి. నేల అంతస్తులో, లోపలి గోడ పక్కన, మూత గట్టిగా పడే డబ్బాలో ఉంచితే ఖర్చు లేకుండానే టేపు ఆయుష్షు పెరుగుతుంది. అలా పెరిగిన గడువులోనే డిజిటల్ ప్రతి తీయడం పూర్తి కావాలి.

1980, 90 దశకాల్లో పెళ్లి జరిగిన ఇల్లయినా, భజన మందిరమైనా, నాటకాలాడిన ఊరైనా సరే, రాయలసీమలో వెతికితే ఏదో ఒక మూల అట్టపెట్టె నిండా క్యాసెట్లు ఇప్పటికీ బయటపడతాయి. వాటిలో సినిమా పాటలవి పోయినా పెద్ద నష్టం లేదు, ఆ పాటలు మరోచోట దొరుకుతాయి. శ్రీరామనవమి పందిట్లో రికార్డు చేసిన హరికథ, గూగూడు కుళ్లాయిస్వామి పీర్ల పండుగలో పాడిన పాటలు, కడప పెద్దదర్గా ఉరుసులో రాత్రంతా సాగిన ఖవ్వాలీ, నిమ్మలకుంట తోలుబొమ్మలాట పాటలు, కువైట్‌లో పనికి పోయిన మనిషి ఉత్తరానికి బదులు మాట్లాడి పంపిన క్యాసెట్ వంటివి అలా కాదు. వాటికి రెండో ప్రతి లేదు. 1885లో సురభి నాటక సమాజం పుట్టిన కడప జిల్లాలో పద్యనాటకాల రికార్డింగులు కూడా చాలావరకు ఇలాంటి ఇంటి క్యాసెట్లలోనే మిగిలాయి.

వీటిని ఎలా దాచాలన్న ప్రశ్నకు వినిపించే సలహాలు ఒకదానికొకటి పొసగవు. ఫ్రిజ్‌లో పెట్టమని ఒకరు, ఎండలో ఆరబెట్టమని ఇంకొకరు, నెలకోసారి పాడించమని వేరొకరు, అసలు ముట్టుకోవద్దని మరొకరు చెబుతారు. ఏ సలహా ఎంతవరకు సరైనదో తేల్చాలంటే క్యాసెట్‌లో ఏ భాగం ఏ కారణంతో పాడవుతుందో ముందు తెలియాలి.

క్యాసెట్‌ను విప్పి చూస్తే

ఫిలిప్స్ సంస్థ 1963లో బయటికి తెచ్చిన ఈ చిన్న పెట్టెలో రెండు చక్రాలు ఉంటాయి. ఒక్కో చక్రానికి ఆరు పళ్లు. రీలు వదులైనప్పుడు పెన్సిలో రెనాల్డ్స్ పెన్నో దూర్చి తిప్పింది వీటినే. చక్రాలకు పైనా కిందా రీలు సాఫీగా జారడానికి పలుచని కాగితం లాంటి రెండు పొరలు, ముందు వైపు రెండు మూలల్లో చిన్న రోలర్లు, మధ్యలో ఇత్తడి రంగు పలుచని స్ప్రింగు, దాని మీద జిగురుతో అంటించిన గోరంత ఫెల్టు ముక్క ఉంటాయి. రీలును హెడ్‌కు, అంటే యంత్రంలో ధ్వనిని చదివే భాగానికి, ఒత్తి పట్టేది ఆ ఫెల్టు ముక్కే. ముప్పై ఏళ్లకు దాని జిగురు ఎండిపోయి ముక్క ఊడిపోతే ధ్వని ఒక్కసారిగా మసకబారుతుంది, లేదా అసలు వినిపించదు. రీలంతా బాగానే ఉన్నా ఇంట్లోవాళ్లు క్యాసెట్ చెడిపోయిందనుకుని పారేసే సందర్భాల్లో ఇదొకటి. నిజానికి మరో క్యాసెట్ నుంచి ఫెల్టును స్ప్రింగుతో సహా తీసి ఇందులో అమరిస్తే సరిపోతుంది.

రీలు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు. అది సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున కదులుతుంది. ఆ లెక్కన సి-60 (రెండు వైపులా కలిపి 60 నిమిషాల) క్యాసెట్‌లో ఒక వైపు అరగంట పాడడానికి దాదాపు 86 మీటర్ల రీలు కావాలి. సి-60 రీలు మందం సుమారు 18 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), సి-90ది సుమారు 12, సి-120ది సుమారు 9. తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు ఉంటుందంటే సి-120 రీలు ఎంత పలుచనిదో ఊహించవచ్చు. ఎక్కువ నిడివి వస్తుందని హరికథలకు, రాత్రి భజనలకు సి-90, సి-120 క్యాసెట్లే కొన్నవారు చాలామంది. సాగిపోవడంలోనూ, యంత్రంలో చుట్టుకుపోవడంలోనూ ఇవే ముందుంటాయి.

ఆ రీలుకు అడ్డుకోత కోసి చూస్తే కింద పాలిస్టర్ పొర, దాని మీద కొన్ని మైక్రాన్ల మందంతో గోధుమరంగు పూత కనిపిస్తాయి. పూతలో ఉండేది ఐరన్ ఆక్సైడ్ పొడి, దాన్ని పట్టి ఉంచే పాలీయురేతేన్ జిగురు, హెడ్ మీద రీలు జారడానికి కలిపిన కొద్దిపాటి నూనె పదార్థం. ధ్వని ఉండేది పొడిలోనే అయినా, టేపు బతుకు మాత్రం జిగురు మీద ఆధారపడి ఉంటుంది.

అయస్కాంతం భయం ఎంతవరకు నిజం

స్పీకరు పక్కన పెడితే పాటలు చెరిగిపోతాయన్నది పాత మాట. అందులో నిజం లేకపోలేదు గానీ భయం దాన్ని మించిపోయింది. అయస్కాంత బలాన్ని కొలిచే గాస్ లెక్కలో భూమి బలం సుమారు అర గాస్. మామూలు టేపు మీద రాసినది చెరగాలంటే అంతకు కొన్ని వందల రెట్ల బలం కావాలి. స్పీకరు వెనకనున్న అయస్కాంతానికి క్యాసెట్‌ను ఆనించి పెడితే ముప్పే. కానీ ఆ బలం దూరంతో పాటు చాలా వేగంగా పడిపోతుంది కాబట్టి ఒక జానెడు ఎడం ఉంటే చాలు. ఇనుప బీరువాలో పెట్టినంత మాత్రాన రికార్డింగు చెరగదు. బీరువాతో ఉన్న అసలు చిక్కు వేడి.

జిగురు ఎలా తెగుతుంది

పాలీయురేతేన్ జిగురు పొడవాటి అణువుల గొలుసు. గాలిలోని నీటి ఆవిరి దాని కొన్ని బంధాల దగ్గర చేరి గొలుసును తెంచుతుంది. రసాయన శాస్త్రంలో దీన్ని జలవిశ్లేషణం అంటారు. గొలుసులు పొట్టివవుతున్న కొద్దీ జిగురు మెత్తబడి బంకసాగుతుంది. అలాంటి టేపును యంత్రంలో పెడితే మొదట కీచుమనే చప్పుడు వస్తుంది, తరువాత వేగం తగ్గుతుంది, చివరికి హెడ్ మీద గోధుమరంగు మడ్డి పేరుకుంటుంది. ఆ మడ్డిలో రికార్డయిన ధ్వని కూడా ఉంటుంది. ఒకసారి ఊడితే మళ్లీ అతికించడం సాధ్యం కాదు. ఈ జబ్బు 1970, 80ల నాటి కొన్ని రకాల పెద్ద స్పూల్ టేపుల్లో ఎక్కువ, ఇంటి క్యాసెట్లలో తక్కువ. అయినా పూర్తిగా లేదని చెప్పలేం.

ఈ చర్య రెండింటి మీద ఆధారపడుతుంది: ఎంత తేమ, ఎంత వేడి. ఇలాంటి రసాయన చర్యల వేగం ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఇంచుమించు రెట్టింపవుతుందన్నది ఒక మోటు లెక్క. అందుకే పాలిస్టర్ టేపుల నిల్వకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 18923 ఉష్ణోగ్రతను, తేమను విడివిడిగా కాకుండా జంటగా చెబుతుంది. దీర్ఘకాల నిల్వకు గాలిలో సాపేక్ష తేమ 20 శాతం ఉంటే 23 డిగ్రీల సెల్సియస్ వరకు, 30 శాతం ఉంటే 17 డిగ్రీల వరకు, 50 శాతం ఉంటే 11 డిగ్రీల వరకు ఉండవచ్చన్నది దాని సారాంశం. తేమ పెరిగితే చల్లదనం పెంచాలి, తేమ తగ్గితే కొంత వేడిని ఓర్చుకోవచ్చు. సీమకు పనికొచ్చే సూత్రం ఇదే.

మరి ఫ్రిజ్ సంగతి? ఇంటి ఫ్రిజ్ లోపల సాధారణంగా 3 నుంచి 5 డిగ్రీలు ఉంటుంది. ఎనిమిది డిగ్రీల కంటే చల్లబడితే పూతలోని నూనె పదార్థం విడిపోయి పైకి తేలే అవకాశం ఉందని టేపు నిల్వ మార్గదర్శకాలు హెచ్చరిస్తాయి. అంతకన్నా పెద్ద చిక్కు తలుపు తీసి బయట పెట్టిన క్షణంలో ఎదురవుతుంది. చల్లని చెంబు మీద నీటి బొట్లు పట్టినట్టే చల్లని రీలు మీద కూడా పడతాయి. పెద్ద భాండాగారాల్లో చల్లని గది నుంచి తీసిన టేపును ఒక రోజు పాటు మూసిన సంచిలోనే ఉంచి, గది వేడికి అలవాటు పడిన తరువాత గానీ విప్పరు. ఇంట్లో పాలు, కూరగాయలతో పాటు క్యాసెట్ పెట్టుకుని ఆ క్రమశిక్షణ పాటించడం జరిగే పని కాదు.

సీమ గాలి: మేలు, కీడు

మచిలీపట్నంలోనో కాకినాడలోనో ఉన్న క్యాసెట్‌తో పోలిస్తే అనంతపురంలోని క్యాసెట్ అదృష్టం చేసుకున్నదే. తీరంలో ఏడాదిలో ఎక్కువ భాగం గాలి తడిగా ఉంటుంది, బూజుకు అదే కావాలి. బూజు మొలవడానికి సాపేక్ష తేమ 65-70 శాతం పైన కొన్నాళ్లు నిలకడగా ఉండాలి. దేశంలోనే బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటైన అనంతపురంలో అలాంటి రోజులు తక్కువ. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో తేమ 20-30 శాతానికో, అంతకన్నా కిందికో దిగుతుంది. పై ప్రమాణంలో తేమ వైపు లెక్క సీమలో చాలా నెలలు అనుకూలంగానే ఉంటుంది.

ఉష్ణోగ్రత వైపు లెక్క తలకిందులవుతుంది. కర్నూలు, కడప పట్టణాల్లో వేసవి పగటి వేడి 40 డిగ్రీలు దాటడం మామూలే. మే నెలలో రాత్రి కనిష్ఠం కూడా సగటున 27, 28 డిగ్రీల దగ్గరే ఉంటుంది. అంటే ఏసీ లేని గదిలో ప్రమాణం చెప్పిన 23 డిగ్రీలు ఆ కాలంలో ఒక్క గంట కూడా దొరకవు. ఇంటి నిల్వతో ఆ ప్రమాణాన్ని అందుకోవాలనుకోవడం వృథా ప్రయాస. ఎండ సృష్టించే అదనపు వేడిని తప్పించడం మాత్రం చేతిలో ఉన్న పని.

ఆ అదనపు వేడి ఇంట్లో ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటుంది. ఆర్‌సీసీ స్లాబు కింది సజ్జ మీద పెట్టిన అట్టపెట్టెను తీసుకుంటే, పగలంతా ఎండను తాగిన స్లాబు అర్ధరాత్రి దాకా వేడిని కిందికి వదులుతూనే ఉంటుంది. ఇంట్లో పనికిరానివి దాచే చోటు సజ్జే కాబట్టి ఎక్కువ క్యాసెట్లు చేరేదీ అక్కడికే. క్యాసెట్‌కు ఇంటి మొత్తంలో అంతకన్నా చెడ్డ చోటు లేదు. రేకుల గది కూడా అలాంటిదే. పడమటి గోడకు ఆనించిన ఇనుప బీరువా సాయంత్రానికి పొయ్యిలా వేడెక్కుతుంది. పాత చౌడు మిద్దెల్లో పైకప్పు మట్టి మందంగా ఉండటం వల్ల పగలు రాత్రి తేడా తక్కువే గానీ పైనుంచి మట్టి రాలడం, వానకు ఉరవడం అక్కడి లోపాలు. నేల అంతస్తులో, ఇంటి నడుమ గదిలో, లోపలి గోడకు కట్టిన కడప బండల గూడు చాలా ఇళ్లలో ఉంటుంది. బండ ఆలస్యంగా వేడెక్కుతుంది, ఆలస్యంగా చల్లబడుతుంది. ఆ గూట్లో అడుగున ఉన్న అర ఈ ప్రాంతపు ఇంట్లో క్యాసెట్‌కు దొరికే మంచి చోటు. బయటి గోడలోని గూడైతే వానకు చెమ్మ ఎక్కుతుంది, అది పనికిరాదు.

వేడి ఎంత అన్నదానితో పాటు ఎంత ఊగుతోంది అన్నదీ ముఖ్యమే. పాలిస్టర్ వేడికి సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. 86 మీటర్ల సి-60 రీలు పొడవులో ఇరవై డిగ్రీల తేడాకు వచ్చే మార్పు దాదాపు మూడు సెంటీమీటర్లు. చక్రం చుట్టూ వందల చుట్లుగా బిగిసి ఉన్న రీలు ఈ మార్పును రోజూ భరించాలి. బిగుతు ఒకచోట పెరిగి మరోచోట తగ్గి, చుట్ల నడుమ సందులు ఏర్పడతాయి, అంచులు పైకి లేస్తాయి. తరువాత పాడించినప్పుడు స్వరం జీర వచ్చినట్టు ఊగడానికి కారణాల్లో ఇదొకటి.

ఇక కూలర్. సీమ ఇళ్లలో మార్చి నుంచి జూన్ దాకా గడ్డి పలకల ఎయిర్ కూలర్ నడుస్తుంది. అది గాలిని చల్లబరిచేది నీటిని ఆవిరి చేయడం ద్వారానే కాబట్టి, బయట పొడిగా ఉన్న గాలి గదిలోకి వచ్చేసరికి తేమతో నిండుతుంది. కిటికీలు మూసి ఉంటే మరీను. బూజుకు, జిగురు తెగడానికి కావలసిన తేమను, సీమ వాతావరణం ఇవ్వకపోయినా, మనుషుల కోసం పెట్టిన కూలర్ ఇస్తుంది. పగలు కూలర్ తడి, ఆపిన తరువాత పొడి, మళ్లీ తడి. ఈ ఊగులాట వాన కంటే పొడవుగా మూడు నాలుగు నెలలు సాగుతుంది. క్యాసెట్లు కూలర్ ఉన్న గదిలో ఉండకూడదన్న నియమం ఒక్కటి పాటిస్తే సీమ గాలి చేసే మేలు దక్కుతుంది. ఏసీ గది ఇంతకన్నా నయమే గానీ, రాత్రి మాత్రమే నడిచే ఏసీతో ఉష్ణోగ్రత రోజూ పైకీ కిందికీ పోతుందని గుర్తుంచుకోవాలి.

వానాకాలం విషయానికొస్తే, అనంతపురానికి సెప్టెంబరు, కడప వైపు అక్టోబరు, నవంబరు కూడా తడి నెలలు. ఆగస్టు చివర్లో, గాలి ఇంకా కొంత పొడిగా ఉన్నప్పుడే, మూత గట్టిగా పడే ప్లాస్టిక్ లేదా స్టీలు డబ్బాలో తేమను పీల్చి రంగు మారే సిలికా జెల్ పొట్లంతో సహా క్యాసెట్లను మూసేస్తే ఆ మూడు నెలలు గట్టెక్కుతాయి. తేమ ఎక్కువగా ఉన్న రోజున డబ్బా మూస్తే ఆ తేమను లోపల బంధించినట్టే. కొన్ని వందల రూపాయలకు దొరికే చిన్న తేమ కొలమానం డబ్బాలో ఒకటి ఉంటే ఊహలతో పని ఉండదు.

బట్టల మధ్య వేసినట్టు కలరా ఉండలు వేయడం మాత్రం పొరపాటు. క్యాసెట్ పెట్టెలు ఎక్కువగా పాలిస్టైరీన్ ప్లాస్టిక్‌వి. కలరా ఉండల ఆవిరి ఆ ప్లాస్టిక్‌ను మెత్తబరచగలదు. వేపాకు, వస కొమ్ము తాళపత్రాలకు తగిన పద్ధతులు. మూసిన డబ్బాలో ఆకు వేస్తే దాని పచ్చి తేమ కూడా లోపలే ఉండిపోతుంది.

బండల ఊళ్లలో దుమ్ము

ఆషాఢం గాలికి అనంతపురంలో తలుపులు మూసినా నట్టింట్లో దుమ్ము పొర పడుతుంది. తాడిపత్రి, బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు బండల పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీల పొడి దానికి తోడు. ఈ దుమ్ము ఎంత హాని చేస్తుందో చెప్పడానికి ఒక లెక్క చాలు.

రీలు మీద ధ్వని అలలు అలలుగా రాసి ఉంటుంది. సెకనుకు 4.76 సెంటీమీటర్లు కదిలే రీలు మీద 10 కిలోహెర్ట్జ్ (సెకనుకు పదివేల కంపనాల) ధ్వని అల పొడవు 4.76 మైక్రాన్లు మాత్రమే. హెడ్‌కు, రీలుకు మధ్య ఎడం వచ్చినప్పుడు, ఆ ఎడాన్ని అల పొడవుతో భాగించి 54.6తో గుణిస్తే ధ్వని బలంలో ఎన్ని డెసిబెళ్లు పోతాయో తెలుస్తుంది. ఒక్క మైక్రాను ఎడానికి 10 కిలోహెర్ట్జ్ దగ్గర నష్టం 11.5 డెసిబెళ్లు. అంటే ఆ ధ్వని బలం దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. అదే ఎడానికి 1 కిలోహెర్ట్జ్ దగ్గర నష్టం ఒక డెసిబెల్ చిల్లర, చెవి పట్టించుకోదు. కంటికి కనిపించని దుమ్ము రేణువుల్లో కూడా చాలా వరకు ఒక మైక్రాను కంటే పెద్దవే.

వినేవారికి ఇది ఎలా తెలుస్తుంది? గొంతు వినిపిస్తుంది, మాట స్పష్టత పోతుంది. స, శ, ష లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. చెక్కభజన క్యాసెట్‌లో చెక్కల మధ్య బిళ్లల గలగల ముందుగా మాయమై, కాళ్ల చప్పుడు, పాట మాత్రం మిగులుతాయి. చాలామంది దీన్ని టేపు పాతబడి చెరిగిపోవడం అనుకుంటారు. చాలా సందర్భాల్లో అది హెడ్ మీద మురికి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో హెడ్‌ను, రోలరును తుడిచి, ఆరాక మళ్లీ పాడిస్తే పోయిందనుకున్న గలగల తిరిగొస్తుంది. టేపును ఎప్పుడూ దాని ప్లాస్టిక్ పెట్టెలో, రీలు కనిపించే వైపు లోపలికి పెట్టి, పుస్తకాల్లా నిలువుగా నిలబెట్టమని చెప్పడం వెనక కారణం కూడా ఇదే కొంత.

చుట్ట, ముద్ర, మధ్యలో ఆపడం

ఒక చుట్టు మీది ధ్వని దాని పక్క చుట్టు మీద లీలగా అచ్చుపడుతుంది. నిశ్శబ్దం తరువాత పద్యం మొదలయ్యే ముందే ఆ పద్యం దూరంగా వినిపించినట్టు ఉండేది అందుకే. రీలు పలుచనైతే, వేడి ఎక్కువైతే ఇది పెరుగుతుంది. దాచేముందు క్యాసెట్‌ను వేగంగా తిప్పేయకుండా, ఒక వైపు మొత్తం మామూలు వేగంతో పాడించి చివరిదాకా చుట్టనిస్తే చుట్ట సమంగా బిగుస్తుంది. మధ్యలో ఆపి దాచిన క్యాసెట్‌లో, పాట ఉన్న భాగమే హెడ్ వైపు తెరిచి ఉంటుంది. నెలకోసారి పాడించడం వల్ల మేలు కంటే అరుగుదల ఎక్కువ. కొన్నేళ్లకు ఒకసారి తీసి చూడటం చాలు. పైఅంచున ఎడమ వైపున్న చిన్న రికార్డింగు పలకను విరిచేస్తే పొరపాటున ఎవరూ దాని మీద మరొకటి రికార్డు చేయలేరు.

నీట మునిగిన టేపు

2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ నీళ్లు కర్నూలు నగరాన్ని ముంచినప్పుడు, 2021 నవంబరులో అన్నమయ్య జలాశయం కట్ట తెగి చెయ్యేరు రాజంపేట వైపు ఊళ్ల మీద పడినప్పుడు, కాగితాలు, ఫొటోలతో పాటు క్యాసెట్లూ బురదలో కలిశాయి. పొడి నేల అన్న ధీమాకు ఈ రెండూ మినహాయింపులు.

మునిగిన క్యాసెట్ పోయినట్టు కాదు. పాలిస్టర్ రీలుకు కొద్ది రోజుల నీళ్లు ప్రాణాంతకం కావు. బురద ఎండి గట్టిపడటం, ఆ తరువాత బూజు పట్టడం అసలు నష్టం. అందుకే తడిసిన టేపును వెంటనే ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టడం, అన్నింటికంటే ముందు యంత్రంలో పెట్టి పాడుతుందేమో చూడటం తప్పు. చల్లని శుభ్రమైన నీటితో, వీలైతే డిస్టిల్డ్ వాటర్‌తో బురద కడిగి, నీడలో గాలి ఆడేచోట మెల్లగా ఆరనివ్వాలి. పెట్టెకు మరలుంటే విప్పి, చుట్టలు చెదరకుండా మరో మంచి పెట్టెలోకి మార్చవచ్చు. చవక క్యాసెట్ల పెట్టెలు చాలావరకు మరలు లేకుండా అతికించినవే. వాటిని అంచు వెంబడి జాగ్రత్తగా పగలగొట్టాలి. గడ్డకట్టించి ఉంచడం కాగితాలకు వాడే పద్ధతి, టేపుకు తగదు. బంకసాగిన కొన్ని టేపులను ప్రయోగశాలల్లో 50 డిగ్రీల పైచిలుకు నియంత్రిత వేడిలో గంటల తరబడి ఉంచి తాత్కాలికంగా పాడేలా చేస్తారు. మే నెల మిద్దె మీద పెట్టడం దానికి ప్రత్యామ్నాయం అనుకోకూడదు. అక్కడ వేడి మీద ఎవరికీ అదుపు ఉండదు, పెట్టె మెలితిరుగుతుంది.

టేపు ఉండగానే యంత్రం పోతే

కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంలో తాళపత్రాలు ఉన్నాయి. లిపి తెలిసిన మనిషి, కాస్త వెలుతురు ఉంటే తాటాకును చదవవచ్చు. క్యాసెట్ అలా కాదు. రీలు పదిలంగా ఉన్నా దాన్ని చదవడానికి మంచి యంత్రం కావాలి. పాత తాటాకుకు, పాత క్యాసెట్‌కు మధ్య ఉన్న పెద్ద తేడా ఇదే. నిల్వ చర్చల్లో తక్కువగా వినిపించేదీ ఇదే.

టేప్ రికార్డర్ లోపలి రబ్బరు బెల్టులు కాలక్రమంలో సాగిపోతాయి, కొన్ని తారులా కరిగి చక్రాలకు అంటుకుంటాయి. రీలును లాగే రోలరు రబ్బరు గట్టిపడి జారుతుంది. జపాన్‌లో సోనీ 2010లో క్యాసెట్ వాక్‌మన్ తయారీ ఆపేసింది. ఇప్పుడు కొత్తగా అమ్ముతున్న క్యాసెట్ ప్లేయర్లలో అధిక భాగం చవక యంత్రాంగంతో వస్తున్నాయి, వాటిలో వేగం నిలకడగా ఉండదు. ఈ ప్రమాదాన్ని దృష్టిలో పెట్టుకునే ఆస్ట్రేలియా జాతీయ సినిమా, ధ్వని భాండాగారం 2015లోనే ‘గడువు 2025’ అని హెచ్చరించింది. యునెస్కో, అంతర్జాతీయ ధ్వని భాండాగారాల సంఘం కలిసి 2019లో టేపుల పరిస్థితి మీద ప్రపంచవ్యాప్తంగా సమాచారం సేకరించే పని మొదలుపెట్టాయి. 2025 అన్నది టేపులన్నీ ఒక్కరోజులో ఆగిపోయే తేదీ కాదు. అప్పటికి విడిభాగాలు, మరమ్మతు తెలిసిన చేతులు అరుదైపోతాయన్న అంచనా. పాత రికార్డింగు షాపులు మూతపడి, రేడియో మెకానిక్కులు సెల్‌ఫోన్ పనిలోకి మారిన సీమ పట్టణాల్లో ఆ అంచనాకు వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ప్రతి తీయడంలో మెలకువలు

కంప్యూటర్‌లోకి ఎక్కించడమంటే గంట టేపును గంటసేపు పాడించడమే, దగ్గర దారి లేదు. నలభై సి-60 క్యాసెట్లంటే నలభై గంటల పని. ధ్వని భాండాగారాల సంఘం కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ నాణ్యతను సూచిస్తుంది. ఆ లెక్కన స్టీరియోలో గంటకు దాదాపు ఒక గిగాబైట్ అవుతుంది, నలభై గంటలకు నలభై గిగాబైట్లు. ఇంత చోటు నేడు చవకే కాబట్టి ఎంపీ3లోకి కుదించి మూల ప్రతిగా దాచడానికి కారణం లేదు. ఫోన్లలో పంచుకోవడానికి వేరుగా చిన్న ప్రతి చేసుకోవచ్చు. బుస తగ్గించే సాఫ్ట్‌వేరును కూడా ఆ చిన్న ప్రతి మీదే వాడాలి. బుసతో పాటు చిడతల మోత కూడా పోతుంది.

పాడించేముందు హెడ్ కోణం సరిచూడటం అన్నింటికన్నా ఫలితమిచ్చే పని. రికార్డు చేసిన యంత్రం హెడ్ ఒక కోణంలో, ఇప్పటి యంత్రం హెడ్ మరో కోణంలో ఉంటే పై స్వరాలు పోతాయి. హెడ్ పక్కనున్న చిన్న మరను పాట వింటూ వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పితే ఒకచోట స, శ లు ఒక్కసారిగా తేటపడతాయి. అదే సరైన కోణం. ప్రతి క్యాసెట్‌కూ ఇది మారవచ్చు.

2000 తరువాతి ఏళ్లలో చాలా కుటుంబాలు క్యాసెట్లను సీడీల్లోకి మార్పించి టేపులు పారేశాయి. ఇంట్లో రాసుకునే సీడీలోని రంగు పొర వేడికి, వెలుతురుకు చెడిపోతుంది. సజ్జ మీద పెట్టిన సీడీ అదే సజ్జ మీది క్యాసెట్ కంటే ముందు మూగబోయిన సందర్భాలు తక్కువేమీ కాదు. ప్రతి తీసిన తరువాత కూడా మూల టేపును ఉంచడం, డిజిటల్ ఫైలును కనీసం రెండు వేర్వేరు డిస్కుల్లో, మరొకటి వేరే ఊళ్లో ఉంచడం ఇందుకే. పెన్‌డ్రైవ్ తీసుకెళ్లడానికే గానీ దాచడానికి కాదు.

వరుస విషయంలో, ఇంట్లో రికార్డు చేసినవి ముందు, కొన్నవి తరువాత. ఇంటివాటిలోనూ సి-120, సి-90లు ముందు. కీచుమన్నదాన్ని, మడ్డి వదులుతున్నదాన్ని వెంటనే ఆపి పక్కన పెట్టాలి. పెట్టె మీది కాగితంపై బాల్‌పెన్ను రాత అప్పటికే వెలిసి ఉంటుంది కాబట్టి దాన్ని ఫొటో తీసి ఫైలుతో పాటు ఉంచాలి. ‘భజన, సైడ్ ఎ’ అని మాత్రమే రాసి ఉన్నచోట, అది ఏ ఊరి గుడి, ఎవరి గొంతు, హార్మోనియం ఎవరిది అన్నది ఫైలు పేరులోకి ఎక్కాలంటే, ఆ రోజు పందిట్లో ఉన్న పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకుని టేపు పాడించడం మంచిది.